రెండు ఉగాదుల ఇల్లు

మా ఫ్రిజ్ తలుపు మీద మూడు క్యాలెండర్లుంటాయి. ఒకటి, తెనాలి నుంచి వచ్చినప్పుడల్లా అమ్మ పెట్టెలో చీరల మధ్య చుట్టి తెచ్చే వెంకట్రామా క్యాలెండర్. రెండోది మా అబ్బాయి స్కూలు వాళ్ళది. మూడోది నా చేతిరాత. తెల్లకాగితం మీద పన్నెండు గళ్ళు గీసి, జూన్ 1 దగ్గర ఎర్రచుక్క, జనవరి 31 దగ్గర ఎర్ర ఇంటూ పెట్టాను. డిసెంబర్ 1 దగ్గర నీలం చుక్క, జూలై 31 దగ్గర నీలం ఇంటూ. మా ఎడిసన్ స్నేహితులు దాన్ని చూసి ఇంట్లో ఎవరికైనా ఇంజెక్షన్ల కోర్సు నడుస్తోందా అని అడుగుతుంటారు. నడుస్తున్న మాట నిజమే. ఆ కోర్సు ఇంకా పదహారేళ్ళు ఒకటి, ఇరవై ఎనిమిదేళ్ళు ఒకటి ఉంది.

డిస్నీ వెకేషన్ క్లబ్‌లో నాకు రెండు కాంట్రాక్టులున్నాయి. 1991లో ఫ్లోరిడాలో మొదలైన పథకం అది. గదిని వారం చొప్పున కాకుండా పాయింట్ల చొప్పున అమ్ముతారు. ఏటా నీ ఖాతాలో ఇన్ని పాయింట్లు పడతాయి. ఏ రిసార్టు, ఎంత గది, ఏ రోజులు అన్నదాన్నిబట్టి అవి ఖర్చవుతాయి. క్రిస్మస్ వారానికి ఎక్కువ, బడులు నడిచే రోజుల్లో తక్కువ. ఇంతవరకూ ఎవరికైనా అర్థమవుతుంది, మా అమ్మకు తప్ప.

"దస్తావేజు ఉందా?" అంది మొదటిసారి చెప్పినప్పుడు.

"ఉందమ్మా. ఆరెంజ్ కౌంటీలో రిజిస్టరయింది."

"ఎన్ని సెంట్లు?"

సెంట్లు కాదు, ఒక భవనంలో ఒక శాతం కూడా లేని అవిభక్త వాటా అని చెప్పాను. అవిభక్తం అన్న మాట విని ఆవిడ ముఖం చిట్లించింది. ఉమ్మడి పొలంలో వాటా తేలక మా నాన్నగారు ఎన్నేళ్ళు కోర్టు మెట్లెక్కారో ఆవిడకు తెలుసు. భూమి మనది కాదనీ, 2054 జనవరి 31తో హక్కు తీరిపోతుందనీ కూడా చెప్పేశాను. "ఓహో, కౌలా!" అని ఊపిరి పీల్చుకుంది. నాలుగు వందల పేజీల కాగితాలు చదివి నేను పట్టుకోలేని సంగతిని ఒక్క మాటలో పెట్టింది. కౌలే. ముందే మొత్తం కట్టేసి, ఆపైన ఏటా జనవరి 15 లోపు డ్యూస్ కూడా కట్టే కౌలు.

ఈ కౌలులో అన్నిటికన్నా చిత్రమైనది యూజ్ ఇయర్. ప్రతి కాంట్రాక్టుకూ ఏడాది ఏదో ఒక నెలలో మొదలవుతుంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, జూన్, ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్, డిసెంబర్. ఈ ఎనిమిది నెలల్లో ఒకటి నీకు రాసిపెడతారు. లోకమంతా కొత్త సంవత్సరం చేసుకునే జనవరికి మాత్రం ఆ జాబితాలో చోటులేదు. ఒకసారి రాశాక ఆ నెల మారదు. నీ ఉగాది ఆ రోజే. కొత్త పాయింట్లు ఆ రోజు పడతాయి, మరుసటేడు ఆ రోజుకు ముందురోజు అర్ధరాత్రికి చచ్చిపోతాయి. వాడుకోలేకపోతే మొదటి ఎనిమిది నెలల్లోపు వచ్చే ఏడుకు దాచుకోవచ్చు. దాన్ని బ్యాంకింగ్ అంటారు. ఒకసారి దాచినదాన్ని ఇంకోసారి దాచనివ్వరు. అలాగే వచ్చే ఏటి పాయింట్లను ఈ ఏడు చేబదులు తీసుకోవచ్చు, తీసుకున్నాక వెనక్కి పెట్టలేం.

నా మొదటి కాంట్రాక్టు సారటోగా స్ప్రింగ్స్‌లో 150 పాయింట్లు, జూన్ ఉగాది. ఏ నెల కావాలని అడిగితే జూన్ అన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు కారణాలు కల్పించుకోగలను గాని, అప్పట్లో ఉన్నది ఒకటే. పిల్లల బడులు జూన్‌లో మూస్తారు, జూన్ అంటే సెలవులు. ఇంకా లోపలికి తవ్వితే, జూన్‌లో కృష్ణ కాలవలకు నీళ్ళొదలడం, నాన్నగారు పంచె ఎగ్గట్టి గట్టుమీద నిలబడటం, మా ఇంట్లో ఏడాది అప్పుడే మొదలైనట్టుండటం కూడా ఉండొచ్చు. అమెరికాలో ఒక బల్ల ముందు కూర్చుని సంతకం పెడుతున్నవాడికి ఇదంతా గుర్తొచ్చిందంటే అబద్ధం. చెయ్యి మాత్రం జూన్ మీదికే పోయింది.

తీరా మేము జూన్‌లో ఒక్కసారీ వెళ్ళలేదు. ఫ్లోరిడా జూన్ ఎండా వానా మా ఆవిడకు పడవు. మాకు కుదిరింది ఏప్రిల్ స్ప్రింగ్ బ్రేక్. అక్కడుంది తిరకాసు. జూన్ ఉగాదివాడికి దాచుకునే గడువు జనవరి 31. ఏప్రిల్ ప్రయాణం ఏ ఫిబ్రవరిలోనో మార్చిలోనో రద్దయిందంటే పాయింట్లు తిరిగి చేతికొస్తాయి గాని దాచుకునే దారి ఉండదు. మే 31 లోపు ఎక్కడో ఒకచోట గడపాల్సిందే. ఇది నాకు తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు. రద్దెందుకవుతుందన్న ధీమా.

2017 మార్చి మొదటివారంలో తెనాలి నుంచి ఫోనొచ్చింది, నాన్నగారికి బాగాలేదని. ఏప్రిల్ బుకింగ్ రద్దుచేసి విమానం ఎక్కాను. చైత్ర బహుళ షష్ఠి నాడు ఆయన పోయారు. కర్మకాండలన్నీ ముగించుకుని మే నెలాఖరుకు తిరిగొచ్చాను. నాలుగు రోజుల తర్వాత, నిద్రపట్టక లాప్‌టాప్ తెరిచి చూస్తే పాత ఏటి 150 ఉండాల్సిన చోట సున్నా ఉంది. ఎవరి తప్పూ లేదు, నాదే. ఆ సమయంలో ఆ సున్నాకు బాధపడినందుకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే, రద్దు చేసేనాటికి దాచుకోవడానికి గడువుండాలంటే ఏడాది ఏ నెలలో మొదలవ్వాలో లెక్కేశాను. డిసెంబర్ తేలింది. డిసెంబర్ ఉగాదివాడికి జూలై 31 దాకా గడువు.

మరుసటేడు బోర్డ్‌వాక్‌లో 100 పాయింట్ల డిసెంబర్ కాంట్రాక్టు రీసేల్‌లో కొన్నాను. కొత్తగా కొన్నదానికన్నా చౌక, కాని 2042లోనే తీరిపోతుంది. మా ఆవిడ అప్పుడు ఇండియాలో ఉంది, సంతకాలకు కుదరక నా ఒక్కడి పేరునే రాయించాను. అది ఎంత పొరపాటో తర్వాత తెలిసింది. రెండు కాంట్రాక్టులు ఒకే సభ్యత్వం కిందికి రావాలంటే యూజ్ ఇయర్ కలవాలి, దస్తావేజు మీద పేర్లూ అచ్చుగుద్దినట్టు కలవాలి. నాకు నెలా కలవలేదు, పేర్లూ కలవలేదు. జాతకాలు చూడకుండా చేసిన పెళ్ళి.

ఈ వ్యవహారంలో తలపండినవాళ్ళు ఎవర్నడిగినా మొదటి సలహా ఒకటే: ఒకే యూజ్ ఇయర్‌లో కొనుక్కో, లేకపోతే పొంతన కుదరదు. వాళ్ళు చెప్పేది నిజమే. రెండు సభ్యత్వాల పాయింట్లు కలిపి ఒక గది తీసుకోవాలంటే ముందు ఒక ఖాతా నుంచి ఇంకోదానికి బదిలీ చెయ్యాలి. ఆ బదిలీ ఒక యూజ్ ఇయర్‌కు ఒక్కసారే. బదిలీ అయినా పాయింట్లు తమ గోత్రం మార్చుకోవు. చచ్చే తేదీ పాతదే, పుట్టిల్లూ పాతదే. పుట్టింటి రిసార్టును 11 నెలల ముందు బుక్ చేసుకోవచ్చు, మిగతావాటిని 7 నెలల ముందే. ఈ వివరాలన్నీ మా ఆవిడకు బొమ్మలు గీసి చెప్పాను. అంతా విని, "మీ ఆఫీసులో ఇంత శ్రద్ధగా పనిచేస్తే ఈపాటికి డైరెక్టరయ్యేవారు" అంది.

పొంతన కుదర్చడానికి రెండే దారులు. బోర్డ్‌వాక్‌ది అమ్మేసి, ఇద్దరి పేర్ల మీద జూన్‌ది ఇంకోటి కొనడం. లేకపోతే జూన్‌ది అమ్మి డిసెంబర్‌ది కొనడం. రెండిటికీ ఖర్చుంది. అమ్మితే బ్రోకరు కమిషను, కొంటే క్లోజింగ్ ఖర్చులు. మధ్యలో అదే ధరకు తామే కొనుక్కునే మొదటి హక్కు కంపెనీకి ఉంటుంది, ఆ జవాబొచ్చేదాకా ఆగాలి. ఇంకో మెలిక ఏమిటంటే 2019 జనవరి 19 నుంచి రీసేల్‌లో కొన్న పాత రిసార్టుల పాయింట్లు రివియేరాలోనూ ఆ తర్వాత వచ్చిన కొత్తవాటిలోనూ చెల్లవు. నాది 2018 సరుకు, ఆ షరతు తగలదు. అమ్మి మళ్ళీ కొంటే తగులుతుంది. రీసేల్ బజారులో మంచి జూన్ కాంట్రాక్టు దొరకడమూ సులువు కాదు. ఒకడు రెండేళ్ళ పాయింట్లు ఊడ్చేసి ఖాళీ డొక్కు అమ్ముతాడు. ఇంకొకడు నిండుకుండ అమ్ముతాడు గాని అది ఏ ఫిబ్రవరిదో అయ్యుంటుంది.

అందుకని అయిదేళ్ళు ఏదీ చెయ్యలేదు. ఏమీ చెయ్యకపోవడమూ ఒక నిర్ణయమేనని మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో రాస్తారుగాని, నాది శుద్ధ బద్ధకం.

2023లో అమ్మ వచ్చింది. అక్టోబర్‌లో యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌కు తీసుకెళ్దామనుకున్నాను. అక్కడ బాల్కనీ కిందికే జిరాఫీలు వస్తాయి. అయిదు రాత్రులకు జూన్ పాయింట్లు చాల్లేదు. డిసెంబర్‌వి ఇటు బదిలీ చేద్దామంటే ఆ ఏటి ఒక్క అవకాశాన్నీ ఒక మిత్రుడికి ఇరవై పాయింట్లు ఇవ్వడానికి వాడేసి ఉన్నాను. చేసేది లేక మూడు రాత్రులు ఒక ఖాతా నుంచి, రెండు రాత్రులు ఇంకో ఖాతా నుంచి వేరువేరుగా బుక్ చేశాను. మొదటి మూడూ జంతువులు కనిపించే గది. తర్వాతి రెంటికీ అది దొరకలేదు, మామూలు గది. అంటే నాలుగోరోజు పొద్దున 11 గంటలకు ఒక గది ఖాళీ చెయ్యాలి. రెండో గది సాయంత్రం 4కు గాని ఇవ్వరు.

ఇదంతా అమ్మకు ఆ పొద్దున చెప్పాను. ముందే చెప్పే ధైర్యం లేకపోయింది.

"మనం కొనుక్కున్న ఇంట్లోకి మనల్నే రానివ్వరా?" అంది.

"రానిస్తారమ్మా, నాలుగింటికి."

"పదకొండు నుంచి నాలుగు దాకా మనం ఎవరం?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. సామాను హోటలువాళ్ళకు అప్పగించాం. అందులో ఉసిరికాయ పచ్చడి సీసా ఉందని, అది నిలబెట్టే ఉంచాలని ఆవిడ ఆ కుర్రాడికి తెలుగులో నాలుగుసార్లు చెప్పింది. అతను నాలుగుసార్లూ తలూపాడు. మా ఆవిడా పిల్లలూ పార్కుకు పోయారు. నేనూ అమ్మా లాబీ దాటి వెనక వైపు, జంతువులు తిరిగే సవానా మైదానం కనిపించే చోట బెంచీ మీద కూర్చున్నాం.

జిరాఫీలను ఆవిడ అంతకుముందే మూడురోజులు చూసేసింది, వాటి మీద మోజు తీరింది. ఈసారి చూసింది పశువుల్ని. ఎర్రటి ఆవులు, ఒక్కో కొమ్మూ ఆవిడ చెయ్యంత పొడవు, మొదట్లో తొడంత లావు. "ఇవేం పశువులురా?" అంటే అక్కడి మనిషిని అడిగి వచ్చాను. అంకోలే అన్నాడు.

"ఒంగోలా?"

"ఒంగోలు కాదమ్మా, అంకోలే. ఆఫ్రికావి."

నమ్మలేదు. మనవాళ్ళే ఎవరో ఓడెక్కించి ఉంటారంది. నాన్నగారి దగ్గర ఉన్న ఒంగోలు గిత్తల జత గురించి మొదలుపెట్టింది. వాటిని ఏ సంతలో కొన్నదీ, మొదటిసారి కాడి కట్టినప్పుడు ఒకటి వేగంగా, ఒకటి నింపాదిగా నడిచి నాగలి పక్కకు లాగేయడం, వాటి నడక కలవడానికి ఒక కారు మొత్తం పట్టడం. కలిశాయా అని అడిగాను. "ఏం కలవడం! ఆయనే నడక మార్చుకున్నాడు" అంది. ఆ ఎద్దులకు నేను గడ్డి వేశాను, ఈ సంగతి మాత్రం యాభయ్యేళ్ళొచ్చాక ఫ్లోరిడాలో తెలిసింది. ఒంటిగంటన్నరకు ఆకలేసింది. పచ్చడి సామాన్లలో ఉంది. బంగాళాదుంప చిప్సు తిన్నాం. ఆవిడ కునికిపాట్లు పడింది. నాలుగున్నరకు గది తయారైందని ఫోనుకు కబురొచ్చింది, కాసేపు లేపలేదు.

తర్వాత ఈ పొంతన విషయం ఆలోచించినప్పుడల్లా నాకు అధికమాసం గుర్తొస్తూ వచ్చింది. చాంద్రమానపు ఏడాది 354 రోజులు. సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. అందుకే ఉగాది 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19, ఇలా వెనక్కి జారిపోతుంటుంది. జారిపోనిస్తే కొన్నేళ్ళకు సంక్రాంతి చలిలో ఉగాది వస్తుంది. మన పెద్దలు చంద్రుణ్ణి వదల్లేదు, సూర్యుణ్ణీ వదల్లేదు. రెండున్నర మూడేళ్ళకొకసారి ఒక నెలను అదనంగా పడేశారు. ఆ నెలలో పెళ్ళిళ్ళు లేవు, గృహప్రవేశాలు లేవు. ఆ నెల పుణ్యమాని 2027 ఉగాది మళ్ళీ ఏప్రిల్ 7కు వెళ్ళి కూర్చుంటుంది. పోనీ స్కూలు క్యాలెండర్ నిలకడగా ఉందా అంటే, మా అబ్బాయి స్ప్రింగ్ బ్రేక్ ఈస్టర్‌ను అంటుకుని వస్తుంది, ఈస్టర్ వసంతకాలపు పున్నమిని అంటుకుని వస్తుంది. వాళ్ళకూ చంద్రుడే. నా ఫ్రిజ్ మీద కదలనివి నా చుక్కలే.

నాన్నగారి తద్దినం కూడా కదులుతుంది. చైత్ర బహుళ షష్ఠి ఒక ఏడు ఏప్రిల్ మొదట్లో, ఇంకో ఏడు నెలాఖరున. ఇప్పుడు ఏప్రిల్‌లో మేమెక్కడికీ పోము. అమ్మాయి కాలేజీకి వెళ్ళింది, తన సెలవులు తనవి. అమ్మ వస్తే ఒక విడతకు ఆరు నెలలే ఉండనిస్తారు కాబట్టి మే నుంచి అక్టోబర్ దాకా ఉంటుంది, మా ప్రయాణాలు అక్టోబర్‌కు జరిగాయి. అక్టోబర్‌కు ఏ ఉగాది మంచిదని లెక్కేస్తే జూన్ తేలింది! ఎండా వానా అని మేము కాలదన్నిన జూన్. ఏప్రిల్ కోసం ఏరికోరి, లెక్కేసి కొన్న డిసెంబరే ఇప్పుడు అక్కరకు రానిదయింది. దాని జూలై 31 గడువు అక్టోబర్ ప్రయాణానికి ముందే దాటిపోతుంది. 2017లో చేసిన లెక్కలో తప్పేమీ లేదు. ఆ లెక్కలో ఉన్న మనుషులు ఇప్పుడు వేరే నెలల్లోకి వెళ్ళిపోయారు, అంతే. 2042లో నాకు 69 ఏళ్ళు, 2054లో 81. అప్పుడు నేను ఏ నెలలో ప్రయాణం చేస్తానో, ఎవరు తోడుంటే చేస్తానో ఏ యూజ్ ఇయర్ చూసి చెప్పను?

ఇవన్నీ అనుకుంటూనే ఈ ఏడు మే నెలలో బోర్డ్‌వాక్‌ది అమ్మకానికి పెట్టాను. పదిరోజులకే బేరమొచ్చింది. అదే వారంలో బ్రోకరు దగ్గర జూన్‌ది 100 పాయింట్లు, నిండుకుండ, కనబడింది. ఇంతకన్నా పొంతన కుదరదు. భోజనాల దగ్గర మా ఆవిడతో చెబుతుంటే అమ్మ చెయ్యి కడుక్కుని లేచి, ఫ్రిజ్ దగ్గరికెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని తన క్యాలెండర్ చూసింది.

"అధిక జ్యేష్ఠంరా. మే 17 నుంచి జూన్ సగం దాకా. ఆస్తి అమ్మడం, కొనడం రెండూ వద్దు."

"అమ్మా, ఇది ఆస్తి కాదు. కౌలని నువ్వే అన్నావు."

"కౌలైనా కాగితం రాసుకుంటాం కదా."

నాకు ఈ పట్టింపులు లేవు. కాని తొందరా లేదు. బ్రోకరుకు నాలుగు వారాలు ఆగమని రాశాను. ఎందుకని అడిగితే మా దగ్గర ఇది అదనపు నెల అని రాశాను, ఆయనేమనుకున్నాడో తెలియదు. కొనేవాళ్ళు పదిరోజులు చూసి ఇంకో కాంట్రాక్టు పట్టుకుపోయారు. నిండుకుండను కూడా ఎవరో ఎత్తుకుపోయారు. ఈలోగా జూన్ 1 వచ్చింది, నా పాత ఖాతాలో 150 పాయింట్లు పడ్డాయి. నిజ జ్యేష్ఠం వచ్చింది. జూన్ నెలాఖరున ఏరువాక పున్నమి. ఈ ఊళ్ళో అరకలు లేవు, ఎడ్లు లేవు. అమ్మ పొద్దున్నే వెనకపెరట్లో గోంగూర విత్తనాలు నాలుగు సాళ్ళు పోసింది.

ఆ రాత్రి అక్టోబర్ గదుల కోసం లాప్‌టాప్ తెరిచాను. ఆలస్యంగా చూసేవాడికి మిగిలేవి మిగిలాయి. డిసెంబర్ ఖాతా నుంచి రెండు రాత్రులు మామూలు గది, జూన్ ఖాతా నుంచి మూడు రాత్రులు జంతువుల వైపు గది. బదిలీ ఈసారి చేతిలోనే ఉంది గాని, ఒకే గది అయిదు రాత్రులూ ఎక్కడా లేదు. రెండూ బుక్ చేసి, నీలం పెన్ను తీసుకుని ఫ్రిజ్ దగ్గరికెళ్ళాను. అమ్మ మంచినీళ్ళకు లేచి వచ్చింది.

"ఈసారీ మధ్యలో అరుగు మీద కూర్చోవాలా?"

"కూర్చోవాలమ్మా. పదకొండు నుంచి నాలుగు."

గ్లాసు బోర్లించి, "అయితే పచ్చడి వాళ్ళకివ్వకు" అంది. "చేతిసంచీలో పెట్టుకుందాం. కాస్త పులిహోర కూడా కలుపుతాను."